కుక్కతో కాలినడక: కాలువ గట్టు నుంచి కొండ బాట దాకా

కుక్కను తీసుకుని ఊరి బయట నాలుగు కిలోమీటర్లు నడుద్దామని అనుకోగానే చాలామంది కొండల పేర్లు వెతుకుతారు. నన్నడిగితే కొండ మూడో మాట. మొదట చూడాల్సింది కాలువ గట్టు, ఆ తర్వాత చెరువు కట్ట. రెండూ దాదాపు చదునుగా ఉంటాయి. చాలాచోట్ల చెట్ల నీడ ఉంటుంది, లారీలు రావు, దారి తప్పే భయం లేదు. అలసిపోతే ఎక్కడికక్కడ వెనక్కి తిరగొచ్చు. మన రెండు రాష్ట్రాల్లో ఇలాంటి దారులు లెక్కలేనన్ని ఉన్నా, "కుక్కలకు అనుమతి" అని బోర్డు పెట్టిన నడక బాటలు మాత్రం చాలా అరుదు. అందుకే దారిని మనమే వెతుక్కోవాలి, అది మన కుక్కకు సరిపోతుందో లేదో మనమే తేల్చుకోవాలి. ఎలాగో వరుసగా చెప్తాను.

ఒక్క విషయం మాత్రం ముందే చెప్పాలి. కుక్క నడకను కిలోమీటర్లలో కొలవకండి. అది ముక్కుతో నడుస్తుంది. గట్టు పక్కన ముంగిస కన్నం దగ్గర ఐదు నిమిషాలు నిలబడిపోయిందంటే, దాని దృష్టిలో అదే ఆ పూట నడకలో అసలు భాగం. గొలుసు పట్టి లాగి గంటలో ఆరు కిలోమీటర్లు నడిపించడం కన్నా, గంటన్నరలో మూడు కిలోమీటర్లు దాని ఇష్టం వచ్చినట్టు వాసన చూడనిస్తే ఇంటికొచ్చాక అది హాయిగా పడుకుంటుంది.

1. ముందు కాలం, వేళ చూసుకోండి

కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. పాదాల దగ్గర కాస్త పడుతుంది, అంతే. రొప్పుతూ, నాలుక బయటపెట్టి ఒంట్లో వేడిని తగ్గించుకోవాలి. గాలిలో తేమ ఎక్కువైతే ఆ పద్ధతి కూడా సరిగా పనిచేయదు. అందుకే కోస్తాలో 32 డిగ్రీలు కూడా కుక్కకు కష్టమే.

మన దగ్గర సుదీర్ఘ నడకలకు మంచి కాలం కార్తీకం నుంచి శివరాత్రి దాకా. శివరాత్రి దాటాక తెల్లవారుజామున బయల్దేరి ఏడున్నరకల్లా తిరిగి వచ్చేయాలి. ఏప్రిల్, మే నెలల్లో ఊరి బయటి నడకలు మానేసి ఇంటి చుట్టుపక్కల తిప్పడమే మేలు. వానాకాలంలో వెళ్లొచ్చు గానీ పాములు, జలగలు, బురద తప్పవు. గట్లు జారుతుంటాయి.

బయల్దేరే ముందు అరచేతి వెనక భాగాన్ని నేల మీద ఆనించి ఏడు సెకన్లు ఉంచండి. మీకు చుర్రుమంటే దానికీ చుర్రుమంటుంది. తారు రోడ్డు, సిమెంటు రోడ్డు సాయంత్రం ఆరున్నరకు కూడా వేడి వదలవు, మట్టి గట్టు చాలా ముందే చల్లబడుతుంది. అందువల్ల సాయంత్రం కంటే పొద్దున్నే నయం.

2. చోటు ఎంచుకోవడం

గోదావరి డెల్టాలో ఉన్నవాళ్లకు ఈ విషయంలో అదృష్టం బాగుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు పెద్ద కాలువలు పారాయి. అవి సాగునీటికే కాకుండా పడవలు నడిచేందుకు కూడా తవ్విన కాలువలు. గాలివాటం లేనప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ తాళ్లతో పడవల్ని లాగేవారు. గట్లు అంత సాఫీగా, అంత దూరం సాగిపోవడానికి ఇదీ ఒక కారణమే. ఆత్రేయపురం దగ్గర లొల్ల లాకుల (కాలువ నీటిని అదుపు చేసే గేట్లు) చుట్టుపక్కల నుంచి కోనసీమ లోపలికి వెళ్లే కాలువల వెంట పొద్దున్నే నడిచి చూడండి. ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క కొబ్బరితోటలో, వరిచేలో ఉంటాయి. ఇప్పుడు చాలా గట్ల మీద తారు వేశారు, బైకులు తిరుగుతాయి. కాబట్టి రోడ్డు ఉన్న గట్టును వదిలి అవతలి గట్టు చూడండి. చాలాచోట్ల ఒక గట్టున రోడ్డు, రెండో గట్టున మట్టి బాట ఉంటాయి. కుక్కకు ఆ రెండోదే కావాలి.

తెలంగాణలో చెరువు కట్టలు ఉన్నాయి. కాకతీయుల కాలం నాటి గొలుసుకట్టు చెరువులు వరంగల్ వైపు ఇప్పటికీ నీళ్లతో ఉన్నాయి. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చాలా ఊళ్ల చెరువుల్లో పూడిక తీసి కట్టలు బాగుచేశారు. పేరున్న పెద్ద చెరువుల కన్నా మీ అమ్మమ్మగారి ఊరి చెరువే మంచిది. అక్కడ మిమ్మల్ని నలుగురు గుర్తుపడతారు, కుక్కను చూసి ఎవరూ కంగారుపడరు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, ఊరి బయట కుక్కతో నడిచేటప్పుడు తెలిసిన మనిషి ఒకరుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

కొండలు, అడవి కావాలంటే హైదరాబాదుకు సుమారు 80 కిలోమీటర్ల దూరంలో వికారాబాద్ అనంతగిరి ఉంది. మూసీ పుట్టేది అక్కడే. అయితే గుడి దగ్గర, కొండ మీది రోడ్డు పక్కన కోతులు బాగా ఎక్కువ. కోతి కరిస్తే కుక్కకు పడే గాయం చాలా లోతుగా ఉంటుంది. అందుకని కొండ మీదికి ఎక్కకుండా, కోట్‌పల్లి ప్రాజెక్టు వైపు పొలాల మధ్య బండ్ల బాటలు ఎంచుకోమంటాను.

విశాఖ వైపు వాళ్లకు అరకు, లంబసింగి ఉన్నాయి. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ తోటలు, మధ్యలో ఎర్రమట్టి బాటలు. డిసెంబరు, జనవరిలో లంబసింగిలో ఎంత చలి ఉంటుందంటే, మైదానంలో ఏడాదంతా ఫ్యాను కింద రొప్పే లాబ్రడార్ అక్కడ చిన్నపిల్లలా గెంతుతుంది. కానీ అవి గిరిజనుల ఊళ్లు, వాళ్ల తోటలు. కోళ్లు, పందులు, మేకలు విడిగా తిరుగుతుంటాయి. ఊళ్లోకి వెళ్లేముందే గొలుసు చేతికి చుట్టుకోండి. సంత రోజున ఆ దారి వదిలేయండి.

వెళ్లకూడని చోట్లు కూడా చెప్పాలి. అభయారణ్యాలు, జాతీయ పార్కులు, పులుల రిజర్వులు: పాపికొండలు, నల్లమల, కవ్వాల్, పాకాల, కోరింగ, కొల్లేరు. వీటిలోకి కుక్కను తీసుకెళ్లకండి. ఇది ఒట్టి రూలు గొడవ అనుకోవద్దు. 2018లో గుజరాత్ గిర్ అడవుల్లో సింహాలు చనిపోయినప్పుడు వాటిలో డిస్టెంపర్ వైరస్ బయటపడింది. అది కుక్కల్లో మామూలుగా కనిపించే జబ్బు. ఇక చిరుతకైతే కుక్క ఇష్టమైన వేట. మామూలు రిజర్వు ఫారెస్టు అంచున నడవాలన్నా అటవీశాఖ బీట్ ఆఫీసర్‌నో, దగ్గరి చెక్‌పోస్టులో వాళ్లనో ఒక మాట అడిగి వెళ్లండి.

3. మీ కుక్క సిద్ధంగా ఉందా?

రేబిస్ టీకా గడువు దాటకూడదు. డిస్టెంపర్, పార్వోతో పాటు లెప్టోస్పైరోసిస్ కూడా కలిసిన టీకా వేయించారో లేదో చూసుకోండి. లెప్టో ఎలుకల మూత్రం కలిసిన నీళ్లతో వస్తుంది. వరిచేల పక్కన నడిచే కుక్కకు ఇది తప్పనిసరి. గోమార్లకు వాడే మాత్రో, మెడ మీద వేసే చుక్కల మందో నడకకు కనీసం రెండు రోజుల ముందే పడాలి.

జాతిని బట్టి కూడా ఆలోచించండి. పగ్, షిట్జు లాంటి చప్పిడి ముక్కు కుక్కలకు ఊపిరే కష్టం. వాటికి చలికాలం పొద్దున్న ఒక కిలోమీటరు చాలు. హస్కీకి మైదానంలో జనవరి తప్ప వేరే నెల వద్దు. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ లాంటి పెద్ద జాతుల పిల్లలకు ఏడాదిన్నర వచ్చేదాకా ఎముకలు, కీళ్లు పూర్తిగా గట్టిపడవు, అప్పటిదాకా పెద్ద నడకలు వద్దు. ఈ నేలకు, ఈ ఎండకు అన్నిటికన్నా బాగా తట్టుకునేది మన నాటు కుక్కే. వీధిలోంచి తెచ్చి పెంచుకున్న నాటు కుక్కను చిన్నచూపు చూసేవాళ్లు దాన్ని ఒక్కసారి చేలగట్టు మీద నడిపించి చూడాలి.

మొదటి వారం రెండు కిలోమీటర్లు, తర్వాత మెల్లగా పెంచండి. "ఆగు", "రా", "వదిలెయ్" అనే మూడు మాటలకు అది తప్పకుండా పలకాలి. వీటిలో "వదిలెయ్" ప్రాణం కాపాడే మాట. ఎందుకో ఐదో భాగంలో చెప్తాను.

4. సంచిలో ఏం పెట్టుకోవాలి

మెడపట్టీ కాకుండా ఛాతీ చుట్టూ వచ్చే హార్నెస్ కొనండి, వీపు మీద పట్టుకోవడానికి పిడి ఉన్నది. కాలువలో పడిన కుక్కను మెడపట్టీ పట్టి పైకి లాగితే గొంతు బిగుస్తుంది, పిడి పట్టుకుంటే సులువుగా వస్తుంది. రెండు మీటర్ల మామూలు గొలుసు తాడు చాలు. బటన్ నొక్కితే సాగే తాడు గట్ల మీద వద్దు.

నీళ్లు మీ లెక్క మీకు, దాని లెక్క దానికి వేరుగా పట్టుకెళ్లండి. ఇంట్లో ఉన్న కుక్కకే రోజుకు కిలో బరువుకు 50 నుంచి 60 మిల్లీలీటర్లు కావాలి, నడిచే రోజు ఇంకా ఎక్కువ. పాతిక కిలోల కుక్కతో రెండు గంటల నడకకు నేను లీటరుకు తగ్గించను. మడిచే గిన్నె, పాత తువ్వాలు, చిన్న ట్వీజర్లు, గాజుగుడ్డ, అంటుకోని బ్యాండేజీ, సబ్బు ముక్క, చేతికర్ర, మలం ఎత్తడానికి కవర్లు పెట్టుకోండి. డెల్టాలో చాలా ఊళ్ల మంచినీళ్ల చెరువులు ఆ కాలువ నీళ్లతోనే నిండుతాయి, కాబట్టి కవర్ల విషయంలో బద్ధకించొద్దు. దగ్గరి పశువైద్యుడి ఫోన్ నంబరు, ఆ ఆదివారం ఆయన ఉంటారో లేదో ముందే కనుక్కోండి.

కారులో తీసుకెళ్తుంటే మూడు గంటల ముందే తిండి ఆపేయండి, వాంతులు తగ్గుతాయి.

5. దారిలో

గొలుసు విప్పకండి. నిర్జనంగా ఉన్నట్టు కనిపించినా వద్దు. మన పొలాల్లో కుక్కకు అసలు ప్రమాదం పాము కన్నా ఎక్కువగా మనుషులు పెట్టినవాటితోనే. వరిచేలల్లో ఎలుకల కోసం నూకల్లోనో తవుడులోనో జింక్ ఫాస్ఫైడ్ అనే విషం కలిపి కన్నాల దగ్గర పెడతారు. దానికి విరుగుడు మందు లేదు. అడవి అంచు ఊళ్లలో అడవిపందుల కోసం చట్టవిరుద్ధంగా కరెంటు తీగలు లాగుతారు, పిండిలోనో కొవ్వులోనో చుట్టిన నాటు బాంబులు పెడతారు. కుక్క వాసన చూసి నోట పెట్టుకుంటుంది. "వదిలెయ్" అనే మాట ప్రాణం కాపాడుతుందన్నది ఇందుకే. మసక చీకట్లో పొలాల్లోకి అడుగు పెట్టకండి, కంచె తీగ ఏదైనా సరే తాకకండి, తాకనివ్వకండి.

వీటన్నిటికీ మంచి మందు అడగడం. గట్టు మీద కనిపించిన మొదటి మనిషిని పలకరించండి. గోదావరి వైపైతే, "బాబాయ్ గారూ, ఈ పక్క ఎలకల మందేమైనా పెట్టారాండీ? కుక్కతో వెళ్తన్నాం" అంటే చాలు. "ఆ మోటారు షెడ్డు దాటాక పెట్టారు బాబూ, ఇటు కాలువ పక్కనే పోండి" అని దారి కూడా చెప్తారు. తెలంగాణలో, "కాకా, ఈడ పందులకు కరెంటు తీగ ఏమన్న పెట్టిండ్రా?" అని అడగండి. ఏ మ్యాపులోనూ దొరకని సమాచారం అది. పైగా అడిగిన తర్వాత ఆ ఊళ్లో మీరు పరాయివాళ్లు కారు.

గొర్రెల మంద ఎదురైతే దూరం నుంచే కాపరిని కేకేసి, గట్టు దిగి నిలబడి మందను పోనివ్వండి. వాళ్ల కాపలా కుక్కలకు మీ కుక్క శత్రువే. దూడ ఉన్న గేదె మీదికి వస్తే గొలుసు వదిలేయండి, కుక్క తప్పించుకుంటుంది, మీరూ తప్పించుకోవచ్చు. డెల్టాలో సార్వా (వానాకాలపు వరి) కోతలయ్యాక బాతుల మందలు చేలల్లోకి దిగుతాయి, ఒక్కో మందలో వందల బాతులు. అవి ఎగిరి చెదిరితే మళ్లీ కూడగట్టడానికి ఆ కాపలావాళ్లకు పూటంతా పడుతుంది. వాళ్ల బతుకు అది. ఆ చేలకు అవతలి గట్టున వెళ్లండి.

ఊరికుక్కల గుంపు మొరుగుతూ వస్తే పరుగెత్తొద్దు, కేకలు వద్దు. మీ కుక్కను వెనక్కి తీసుకుని, రాయి తీస్తున్నట్టు వంగండి. విసరక్కర్లేదు, ఆ వంగడమే చాలాసార్లు సరిపోతుంది. వాటి హద్దు సాధారణంగా ఒక వీధో, ఒక మలుపో ఉంటుంది. అది దాటాక అవే ఆగిపోతాయి.

6. నీళ్ల దగ్గర

పారే కాలువలో కుక్కను ఈతకు దింపకండి. సిమెంటు లైనింగు వేసిన చోట గోడలు ఏటవాలుగా, పాకుడు పట్టి ఉంటాయి. దిగడం సులువు, ఎక్కడం కుదరదు. లాకుల దగ్గర నీటి వడి ఇంకా ఎక్కువ. రేవు మెట్లు ఉన్నచోట మాత్రమే, గొలుసు పట్టుకుని, మోకాలి లోతు దాకా దిగనివ్వండి. ఆడవాళ్లు బట్టలు ఉతుక్కుంటున్న రేవైతే ఇంకో రేవు చూసుకోండి.

గుర్రపుడెక్క విషయం కొంచెం వివరంగా చెప్పాలి. కాలువ మలుపుల్లో అది దట్టంగా అల్లుకుని, ఊదారంగు పూలతో, అచ్చం పచ్చిక బయలులా కనిపిస్తుంది. కొంగలు దాని మీద నడుస్తుంటాయి. కొంగ నడుస్తోంది కదా అని కుక్క దూకుతుంది. ఆకులు విడిపోతాయి, అది నీళ్లలోకి జారుతుంది, పైన మళ్లీ ఆకులు మూసుకుంటాయి. కింద వేళ్లు కాళ్లకు చుట్టుకుంటాయి, ఈత వచ్చిన కుక్క కూడా ముందుకు కదల్లేదు. గుర్రపుడెక్క కనిపించిన చోట గొలుసును అరమీటరుకు కుదించి, మీరు నీటివైపు, కుక్క చేనువైపు ఉండేలా నడవండి.

నిలవ నీటి కుంటల్లో పైన పచ్చగా రంగు వేసినట్టు నాచు తేలుతుంటే ఆ నీళ్లు తాగనివ్వొద్దు. అందులో కొన్ని రకాలు కుక్క కాలేయాన్ని గంటల్లో దెబ్బతీస్తాయి. చేలల్లో నిలిచిన నీళ్లలో గుళికల మందు, ఎరువు ఉండొచ్చు. మీ సంచిలో నీళ్లు తప్ప వేరే నీళ్లు వద్దు.

7. ముళ్లు, గింజలు

కుక్క ఉన్నట్టుండి మూడు కాళ్ల మీద నిలబడిందంటే పది సార్లలో తొమ్మిది సార్లు పల్లేరు కాయే. వేళ్ల మధ్య మెత్తటి చోట గుచ్చుకుంటుంది. కుక్కను పక్కకు పడుకోబెట్టి, వేళ్లు విడదీసి, ట్వీజర్లతో నిటారుగా లాగండి. సర్కారు తుమ్మ ముల్లు ఇంకా పొడవు, లోపల విరిగితే చీము పడుతుంది. అది విరిగినట్టు అనుమానం ఉంటే డాక్టరుకు చూపించాల్సిందే.

ఉత్తరేణి గింజలు బొచ్చుకు అంటుకుంటాయి, దువ్వెనతో పోతాయి. చలికాలం చివర కొండ పాదాల దగ్గర తీగలకు వేలాడే దురదగొండి కాయలు మాత్రం జాగ్రత్త. ఆ నూగు తగిలితే కుక్క నేల మీద పొర్లాడి పిచ్చెత్తినట్టు అవుతుంది. చేత్తో రుద్దొద్దు, మీకూ అంటుకుంటుంది. తడి మట్టి పూసి ఎండాక దులిపి, తర్వాత నీళ్లతో బాగా కడగండి. మామిడి తోటల్లో ఏప్రిల్ నుంచి టెంకల మీద కన్నేసి ఉంచండి. మింగితే పేగులో అడ్డం పడి ఆపరేషన్ దాకా వెళ్తుంది.

8. ఆపద వస్తే

వడదెబ్బ: రొప్పడం ఆగకపోవడం, చిగుళ్లు ముదురు ఎరుపెక్కడం, చొంగ చిక్కబడటం, తూలడం. వెంటనే నీడకు చేర్చి ఒళ్లంతా, ముఖ్యంగా పొట్ట, తొడల మధ్య చల్లటి నీళ్లు పోస్తూ తువ్వాలుతో విసరండి. తడి తువ్వాలు కప్పి వదిలేయకండి, లోపల వేడి ఆగిపోతుంది. ముందు చల్లబరచండి, ఆ తర్వాతే బండి ఎక్కించండి. కారులో ఏసీ పూర్తిగా పెట్టి ఆస్పత్రికి వెళ్లండి.

పాము కాటు: కట్టు కట్టొద్దు, కోయొద్దు, నాటు వైద్యం కోసం సమయం పోగొట్టొద్దు. కుక్కను నడిపించకుండా ఎత్తుకుని వెళ్లండి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి నాలుగింటికీ ఒకే విరుగుడు ఇంజెక్షన్ ఉంది, కుక్కలకు కూడా అదే వాడతారు. అది అందుబాటులో ఉన్న పశువైద్యశాల ఏదో బయల్దేరే ముందే కనుక్కోవాలి.

మరో కుక్క మీ కుక్కనో మిమ్మల్నో కరిస్తే గాయాన్ని సబ్బుతో, పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడగండి. మీకు రేబిస్ టీకా కోర్సు, కుక్కకు డాక్టరు చెప్పిన అదనపు డోసులు. ఏ మాత్రం ఆలస్యం చేయొద్దు.

విషం తిన్నట్టు అనిపిస్తే ఇంట్లో ఉప్పునీళ్లు తాగించొద్దు. తిన్నదాని కవరో, ముక్కో ఉంటే పట్టుకుని నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్లండి. నొప్పికి మన ఐబుప్రోఫెన్, పారాసెటమాల్ మాత్రలు ఇవ్వకండి.

9. ఇంటికి వచ్చాక

గుమ్మం బయటే గోమార్లు వెతకండి. చెవి మడతలు, చంకలు, కాలివేళ్ల మధ్య, మెడపట్టీ కింద, తోక మొదలు. ట్వీజర్లతో చర్మానికి ఆనించి పట్టుకుని మెల్లగా నిటారుగా లాగాలి. మెలి తిప్పొద్దు, కిరసనాయిలు పోయొద్దు, అగ్గిపుల్లతో కాల్చొద్దు. అలా చేస్తే అది చొంగను ఇంకా లోపలికి వదులుతుంది. తీసినదాన్ని సబ్బు నీళ్లలో వేసి చంపి, ఆ చోట డెటాల్ లాంటివి పోయకుండా కొంచెం బీటాడిన్ రాయండి. డెటాల్ కుక్క నాకితే దానికి విషమే.

పాదాలు కడిగి తుడిచి, అరికాళ్లు పగిలాయేమో చూడండి. పగుళ్లకు కొబ్బరినూనె చాలు. తిండి అరగంట ఆగి పెట్టండి, పెద్ద ఛాతీ ఉన్న జాతులకైతే గంట.

తర్వాత మూడు వారాల పాటు దాని తిండి, హుషారు గమనిస్తూ ఉండండి. ఉన్నట్టుండి అన్నం మానేసి మూలన పడుకున్నా, ఒళ్లు కాలుతున్నా, చిగుళ్లు పాలిపోయినా, ముక్కులోంచి రక్తం వచ్చినా గోమార్ల జ్వరం అయ్యుండొచ్చు. రక్తపరీక్షలో తెలుస్తుంది. తొందరగా పట్టుకుంటే డాక్సీసైక్లిన్ కోర్సుతో చాలా కుక్కలు కోలుకుంటాయి. డాక్టరుకు మీరు ఏ తేదీన, ఏ వైపు నడిచారో కూడా చెప్పండి, ఏ పరీక్ష ముందు చేయాలో ఆయనకు తేలిగ్గా తెలుస్తుంది.